తీగకూ అయస్కాంతానికీ మధ్య

అన్నిటికన్నా ముఖ్యం, ఆ మాట అనకూడదు. టీ తాగేటప్పుడు అనకూడదు, సంచి మోసేటప్పుడు అనకూడదు, బస్సు కిటికీ పక్కన నిలబడి అసలే అనకూడదు. నువ్వు వెళ్లిపోతే కాయిల్స్ ఎవరు చుడతారు అన్న మాట. చిన్న మాటే. కొన్ని వారాలుగా అతని నాలుక కింద చేదు మాత్రలా నానుతోంది. ఉమ్మలేడు, మింగలేడు.

షట్టరు సగం దాకా ఎత్తి, ఎప్పటిలాగే అక్కడ ఆగాడు. ఆ చోట అది బిగుసుకుంటుంది. కింద భుజం పెట్టి ఒక్క తోపు తోస్తే కిర్రుమంటూ పైకి పోయింది. చీకట్లోంచి చెక్క పొట్టు వాసన, సోల్డరింగ్ చేసిన వాసన మొహాన కొట్టాయి. లోపల గోడ పొడుగునా మేకులకు గిటార్లు మెడలతో వేలాడుతున్నాయి. ఎక్కువ బేస్ గిటార్లే. లావుపాటి నాలుగు తీగలు, పొడుగాటి మెడ, ఎవరూ పనిగట్టుకుని వినని గొంతు. పాటలో అది ఉన్నప్పుడు ఉందని తెలియదు. లేనప్పుడు మాత్రం ఏదో వెలితిగా ఉందంటారు. ఆ వాద్యం మీద తనకెందుకింత ఇష్టమో అతను ఎప్పుడూ లోతుగా ఆలోచించలేదు. ఆలోచిస్తే చివరికి తన గురించే ఆలోచించుకోవాల్సి వస్తుందని లోపలెక్కడో తెలుసు.

యాభై దాటిన మనిషి. వంగి వంగి మెడ ముందుకు సాగింది. ఎడమచేతి వేళ్ల చివర్లు తీగలు నొక్కి నొక్కి కాయలు కాశాయి. అలాగని అతనికి ఒక్క పాట కూడా రాదు. మెడ మీద ఒక్కో మెట్టూ నొక్కుతూ కింది నుంచి పై దాకా వెళ్తాడు, మళ్లీ దిగుతాడు. అంతే అతని సంగీతం. వీధిలో అందరూ తీగలాయన అంటారు. అసలు పేరు కొందరికి తెలియదు, తెలిసినవాళ్లు వాడరు.

వెనకాలే అక్క వచ్చింది. చేతిలో టీ ఫ్లాస్కు. ప్రయాణానికని కొన్న కొత్త చెప్పులు అప్పుడే తొడుక్కుంది, అవి నడిచినప్పుడల్లా కిచకిచమంటున్నాయి.

"ఇవాళ కూడా కొట్టు తెరవాలా?"

"తెరవకపోతే ఏం చెయ్యను?"

"నన్ను చూస్తూ కూర్చుని ఏడవచ్చుగా. ఊరికే అడిగా, నీకంత తీరికెక్కడిది."

అతను నవ్వినట్టు చేశాడు. అక్క తన మూలకు వెళ్లి స్టూలు మీద కూర్చుంది. ఎదురుగా వైండింగ్ మిషను. ఒకప్పుడది చేత్తో తిప్పే కుట్టుమిషను. సూది ఉండే భాగం తీసేసి, తిరిగే ఇరుసు కొసన కాయిల్ చుట్టే బాబిన్ తగిలించేలా మార్చాడు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య మెత్తని ఉన్నిగుడ్డ ముక్క పెట్టి, ఆ గుడ్డలోంచి రాగితీగను జారనిస్తుంది అక్క. తల వెంట్రుక కన్నా సన్నం ఆ తీగ. కొంచెం బిగిస్తే పుటుక్కున తెగుతుంది, వదులైతే చుట్లు జారిపోతాయి. లెక్క పెట్టదు. ఎంత చుట్టాలో వేలికి తెలుస్తుంది. "దీనికి కడుపు నిండింది," అని చక్రం ఆపుతుంది.

పదిహేడేళ్లప్పుడు ఫ్యాన్ల కంపెనీలో మోటారు వైండింగ్ నేర్చుకుంది. ఆ జీతంతోనే అమ్మ పోయాక తమ్ముణ్ణి చదివించింది. వాడికి చదువు అబ్బలేదు, గిటార్లు విప్పడం అబ్బింది. కంపెనీ మూతపడ్డాక వచ్చి ఈ స్టూలు మీద కూర్చుంది. అప్పటినుంచి ఊళ్లో వాయించేవాళ్లంతా, తీగలాయన కొట్లో పికప్ వేయిస్తే ఆ గొంతే వేరు అంటారు. తీగల కిందుండి వాటి మోతను కరెంటుగా మార్చే అయస్కాంతాలు, వాటి చుట్టూ కాయిల్, అదే పికప్. మిషన్ల మీద బొమ్మగీసినట్టు సమంగా చుట్టిన కాయిల్ వేరు, అక్క చేతిలో కాస్త అటూ ఇటూ ఒరుగుతూ ఎదిగిన కాయిల్ వేరు. ఆ గొంతు ఎవరి చేతిదో ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు. దాచాలని కాదు. అడగలేదు కదా అని.

పెళ్లి మాట వచ్చినప్పుడల్లా అక్కకేదో పని అడ్డం వచ్చేది. తరవాత ఆ మాట రావడమే మానేసింది. రెండేళ్ల కిందట పాత స్పీకరు పట్టుకుని ఒకాయన వచ్చాడు. బస్సులు నడిపి రిటైరైన డ్రైవరు, భార్య పోయిన మనిషి. స్పీకరు బాగయింది. తరవాత కూడా వచ్చాడు, స్పీకరు లేకుండా. ఇప్పుడు అక్క ఆయన ఊరు వెళ్తోంది. రేపు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి సంతకాలు, ఎల్లుండి నుంచి అక్కడే.

ఈ ప్రయాణం ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. ఒకసారి ఒక బ్యాండు వాళ్ల అర్జెంటు పని. ఇంకోసారి అతనికి జ్వరం. జ్వరం నిజమైనదే. అది తగ్గిన రోజు కొంచెం నిరాశ కలిగిన మాట కూడా నిజమే.

"ఆయన మధ్యాహ్నం వస్తానన్నాడు," అంది అక్క టీ పోస్తూ. "కారు మాట్లాడుకొస్తాట్ట, బస్టాండు దాకా."

"మంచిది."

"మంచిదట. నోరు నొప్పి పుట్టలేదా అంత మాట అనడానికి?"

అతను కప్పు అందుకున్నాడు. ఏదైనా అనబోతే ఆ మాటే ముందు దూకుతుందని భయం. అక్క ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, ఫ్లాస్కు మూత బిగించుకుంది.

అప్పుడే పొడుగమ్మాయి వచ్చింది. ఒక హోటల్ బ్యాండులో బేస్ వాయిస్తుంది. అంత పొడుగు మనిషి గనక గుమ్మంలో అలవాటుగా తలవంచుతుంది. వీపు మీది గిటారు సంచి మాత్రం ప్రతిసారీ పైకమ్మీకి తగులుతుంది. ఈసారీ తగిలింది.

"ఆ గుమ్మం నీకు బాకీ ఉందా అమ్మాయ్, ఎప్పుడొచ్చినా ఒకటిచ్చి పోతావు?" అంది అక్క.

పొడుగమ్మాయి నవ్వలేదు. గిటారు తీసి బల్ల మీద పెట్టింది. "మాస్టారూ, ఇది చచ్చిపోయింది. పై మెట్ల మీద నొక్కితే ఇద్దరు మనుషులు ఒకే మాట కాస్త తేడాగా అంటున్నట్టుంటోంది. మోత కూడా నిలవట్లేదు, అలా మోగి ఇలా ఆరిపోతోంది. మా బ్యాండు లీడరు చెప్పేశాడు, సాయంత్రం కూడా ఇలాగే ఉంటే నన్ను మానెయ్యమని. నా బేస్‌ని కీబోర్డు వాయించేవాడే ఎడమచేత్తో లాగించేస్తాడట."

"ఎడమచేత్తోనా!" అంది అక్క.

"కాయిల్ పోయుంటుంది. మార్చేయండి మాస్టారూ. మీ కాయిల్ పడితే మళ్లీ లేచి కూర్చుంటుంది."

అతను గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. మోత పెంచే యాంప్‌కి కలిపి లావు తీగ మీటాడు. గడ్డం తీసుకెళ్లి గిటారు భుజానికి ఆనించాడు. అతనెప్పుడూ అంతే, చెవితో సగం, దవడ ఎముకతో సగం వింటాడు. కింది మెట్ల మీద పరవాలేదు. పైకి పోయేకొద్దీ నాదం వణికింది, మెలికలు తిరిగింది, ఊపిరాడనట్టు ఆగిపోయింది. మీటరు తీసి పికప్ వైర్లకు ఆనించాడు. ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది.

కాయిల్ నిక్షేపంలా ఉంది.

అప్పుడు చూశాడు. పికప్ తీగల కిందకు తోసుకొచ్చి ఉంది, మధ్యలో కాగితం పట్టే సందు కూడా లేదు. దాన్ని బిగించే మరల తలల మీద కొత్త గీతలు. ఎవరో స్క్రూడ్రైవరుతో పైకి లేపారు. పికప్‌లో ఉన్నది అయస్కాంతాలు, తీగ ఉక్కు. మరీ దగ్గరికొస్తే అయస్కాంతం తీగను లాగి పట్టుకుంటుంది, దాన్ని దాని ఇష్టానికి ఊగనివ్వదు. దగ్గరైతే గట్టిగా వినపడుతుందని అనుకుంటారు వాయించేవాళ్లు. కొంత దూరం వరకు నిజమే. ఆ తరవాత వినేదే గొంతు పట్టుకుంటుంది.

మరలు నాలుగు తిప్పులు తిప్పితే అయిపోయే పని.

"కాయిలేనా?" మూలనుంచి అడిగింది అక్క.

అతను మీటరు మొహం తన వైపు తిప్పుకున్నాడు.

"ఏరా, నిన్నే."

"చూడాలి," అన్నాడు.

"చూసేదేముంది, చుట్టేస్తాను. పాపం సాయంత్రానికి కావాలంటోంది. మధ్యాహ్నానికి అవ్వకపోతే ఆయన్ని వెనక్కి పంపిస్తా. రేపటి సంతకాలు వచ్చేవారం పెట్టుకుంటాం. ఇన్నేళ్లాగిన పెళ్లికి వారమొక లెక్కా?"

వద్దు అనడానికి అతని నోటికి ఒక క్షణం దొరికింది. ఆ క్షణం అతని ముందే నడుచుకుంటూ వెళ్లిపోయింది. పొడుగమ్మాయి అక్కకు రెండు చేతులూ జోడించి, మళ్లీ వస్తానని చెప్పి, గుమ్మానికి ఖాళీ వీపుతో కూడా తలవంచి వెళ్లింది. అక్క కొత్త చెప్పులు విడిచి, స్టూలు కిందికి నెట్టి, ఖాళీ బాబిన్ ఇరుసుకు తగిలించింది. చక్రం తిరగడం మొదలైంది.

నేను అబద్ధం చెప్పలేదు, అనుకున్నాడు. చూడాలి అన్నాను. చూడడం తప్పా?

ఇంకో గిటారు ముందు పెట్టుకుని పనిలో పడ్డట్టు కూర్చున్నాడు. దానికి రెండు పికప్‌లు, ఒకటి మెడ దగ్గర, ఒకటి తీగల కొసలు ఆనే బ్రిడ్జి దగ్గర. మెడ దగ్గరది పెట్టి మీటితే గుండ్రని, కడుపులోంచి వచ్చే గొంతు. బ్రిడ్జి దగ్గరదైతే అదే తీగ ముక్కుతో మాట్లాడినట్టు సన్నగా, కరుకుగా, ప్రతి అక్షరం విడివిడిగా పలుకుతుంది. తీగ మారలేదు. మీటిన వేలు మారలేదు. ఎక్కడ నిలబడి వింటున్నామన్నదే మారింది. ఎన్ని వందలసార్లు వాయించేవాళ్లకు చెప్పాడో ఈ మాట! ఇవాళే మొదటిసారి తనకు ఎవరో చెబుతున్నట్టుంది.

డ్రైవరు మొదటిసారి వచ్చిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు తను లోపల మరుగుదొడ్డి కొళాయి బిగిస్తున్నాడు. ముందు గదిలోంచి ఒక నవ్వు వినపడింది. ఎవరో ఆడమనిషి వచ్చిందనుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చి చూస్తే, కొట్లో అక్క తప్ప ఆడవాళ్లెవరూ లేరు. తల వెనక్కి వాల్చి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. ఎదురుగా ఆయన చేతిలో స్పీకరు పట్టుకుని, తను చేసిన గొప్ప పనేమిటో తెలియక నిలబడి ఉన్నాడు. పక్కపక్కనే కూర్చుని ఇన్నేళ్లూ తను విన్నది చక్రం చప్పుడు. ఆయన గుమ్మంలో నిలబడి విన్నది ఇది. మనిషి మాత్రం ఒకరే.

మరీ దగ్గర కూర్చున్నాను, అనుకున్నాడు. మరీ దగ్గర.

చక్రం తిరుగుతూనే ఉంది. అక్క ఎడమచెయ్యి చిటికెనవేలు గాల్లో సన్నగా అటూ ఇటూ ఊగుతోంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది, దాన్ని పైకి తోసుకోవడానికి చెయ్యి ఖాళీ లేక ముక్కు ఎగరేస్తోంది. బాబిన్ మీద రాగి ఎర్రగా సగం దాకా ఎదిగింది. ఇంకాసేపు ఊరుకుంటే చాలు. కొత్త కాయిల్ వేసి, బిగించేటప్పుడు పికప్‌ను ఎలాగూ కిందికే బిగిస్తాడు. గిటారు బాగవుతుంది. అందరూ కాయిలే పోయిందనుకుంటారు. వచ్చేవారం ఇంకో గిటారు వస్తుంది. ఎవరూ ఏ అబద్ధమూ చెప్పనక్కర్లేదు.

అంత సులువుగా జరిగిపోతుందన్నదే అతన్ని భయపెట్టింది. ఇప్పటిదాకా జరిగిందంతా ఇలాగే జరిగిందేమో.

లేచాడు. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు. పొడుగమ్మాయి గిటారు ఒళ్లో పెట్టుకుని, లావు తీగ వైపు మర కొంచెం ఎక్కువగా, సన్న తీగ వైపు కొంచెం తక్కువగా తిప్పాడు. పికప్ మెల్లగా చెక్కలోకి దిగింది. తీగ కింద గాలి ఆడింది. బ్రిడ్జి దగ్గర తీగను ఒక పిసరు సరిచేశాడు. యాంప్ మీద లోతు గొంతు తగ్గించి, మధ్య గొంతు కాస్త పెంచాడు. బ్యాండులో బేస్ వినపడేది లోతువల్ల కాదు, ఆ మధ్య గొంతువల్ల. అప్పుడు పై మెట్టు మీద వేలు పెట్టి మీటాడు.

నాదం నిలబడింది. వణకలేదు. బల్ల కిందనుంచి, నేల మీదనుంచి నడిచి వెళ్లి, వీధి అవతల తాళాలు చేసేవాడి కొట్లో వేలాడే తాళంచెవుల్ని కదిలించింది. "వస్తున్నా, ఎవరూ?" అని తాళాలవాడు అటునుంచి అరిచాడు.

మూలన చక్రం ఆగింది.

అతను తలెత్తలేదు. "కాయిల్ బాగానే ఉందక్కా," అన్నాడు గిటారుతో చెబుతున్నట్టు. "పికప్ పైకి లేపేసింది ఆ పిల్ల. దించాను, అంతే. నువ్వు చుట్టక్కర్లేదు."

అక్క చక్రం మీంచి చెయ్యి తీసింది. ఉన్నిగుడ్డ ముక్క కిటికీ గట్టు మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"పొద్దున మీటరు అటు తిప్పుకున్నప్పుడే అనుకున్నా."

అతని చెవులు వేడెక్కాయి. "తెలిసి చుట్టావా?"

"నువ్వెప్పుడు చెప్తావోనని చుట్టా. గోటితో పోయేదానికి గొడ్డలి నా చేతికిస్తే ఏం చెయ్యను? నరుకుతూ కూర్చున్నా."

"చెప్పకపోయుంటే?"

"ఆగేదాన్నే." అక్క వంగి చెప్పులు వెతుక్కుంది. "ఆగి, రోజూ నిన్ను తిట్టుకుంటూ చుట్టేదాన్ని. ఆ తిట్లన్నీ కాయిల్స్‌లోకి ఎక్కి, ఊళ్లో బేస్ గిటార్లన్నీ గుర్రుమని చచ్చేవి. నీ కొట్టు మూతపడేది."

అతనికి నవ్వొచ్చింది. ఈసారి నవ్వినట్టు చెయ్యలేదు, నవ్వాడు. అక్క కూడా తల వెనక్కి వాల్చి నవ్వింది. పక్కనుంచి కూడా వినపడింది ఆ నవ్వు. ఎప్పుడూ ఇంత దగ్గర్లోనే ఉందా?

పొడుగమ్మాయి వచ్చేసరికి అక్క సంచి సర్దుకుంటోంది. ఆ పిల్ల యాంప్ ముందు నిలబడి కింది నుంచి పై దాకా పాకింది, మళ్లీ పాకింది. మొహం విప్పారింది.

"ఇదేనా మాస్టారూ? కొత్త కాయిల్ ఇంత త్వరగా ఎలా చుట్టారు?"

"కొత్తది కాదు. పికప్ ఎవరు లేపారు?"

పొడుగమ్మాయి కాళ్ల వైపు చూసుకుంది. "వినపడట్లేదు, వినపడట్లేదు అని రోజూ నస పెట్టాడు లీడరు. దగ్గరగా పెడితే వినపడుతుంది కదా అని..."

"పెడితే పీక పిసికినట్టవుతుంది. ఇక లేపకు. వాళ్లకి వినపడకపోతే మధ్య గొంతు పెంచు. ఇంకో సంగతి." అతను ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇందులో కాయిల్ నేను చుట్టింది కాదు. ఈ కొట్లో ఏ కాయిలూ నేను చుట్టలేదు. అదిగో, అక్క."

పొడుగమ్మాయి అక్క వైపు తిరిగింది. అక్క సంచి జిప్పుతో కుస్తీ పడుతున్నట్టు నటించింది. "వెళ్లమ్మా, వెళ్లి వాడి ఎడమచేతికి రెండు తగిలించు," అంది తలెత్తకుండానే.

కాసేపటికి వీధిలో హారను మోగింది. చిన్నగా, మర్యాదగా, నిద్రపోయే పాపను లేపకూడదన్నట్టు. డ్రైవరు గుమ్మం బయటే నిలబడ్డాడు. తెల్లచొక్కా, కొత్తగా కత్తిరించుకున్న జుట్టు, చెవుల వెనక ఇంకా ఒకటి రెండు వెంట్రుకలు. ఈ రెండేళ్లలో అతను ఆయన్ని ఏమని పిలవాలో తేల్చుకోలేదు. ఏదీ అనకుండా ఇదిగో, అదిగో అని నెట్టుకొచ్చాడు.

డ్రైవరు సంచి ఎత్తబోయాడు.

"ఉండండి బావగారూ, నేను తెస్తాను," అన్నాడు అతను.

ఆ పిలుపుకి డ్రైవరు చెయ్యి సంచి మీదే ఆగింది. మనిషి సంబరంతో ఇంత మొహం చేసుకుని పక్కకు జరిగాడు. అక్క వీధి వైపు చూస్తూ కళ్లజోడు మళ్లీ తుడుచుకుంది.

కారు ఎక్కాక అద్దం దించింది. "పండో కాయో తిను వేళకి. టీ తాగి బతకొద్దు." తరవాత మెల్లగా, "మిషను మీద ఒకటి సగంలో వదిలేశాన్రా," అంది.

"చూశాను."

"తీగ గట్టిగా పట్టుకోకు."

కారు వెళ్లిపోయింది. మలుపు దగ్గర మళ్లీ చిన్న హారను.

మధ్యాహ్నపు ఎండ కొట్లో సగం దాకా వచ్చి ఉంది. అతను కాసేపు బల్ల ముందు నిలబడ్డాడు. నోట్లో ఆ మాట ఇంకా ఉందేమోనని వెతుక్కున్నాడు. లేదు. కాయిల్స్ ఎవరు చుడతారు? అనకుండానే దానికి జవాబు దొరికింది. పోనీ, జవాబు కాకపోయినా ఒక స్టూలు దొరికింది.

మూలకు వెళ్లి కూర్చున్నాడు. స్టూలు అతనికి పొట్టి, మోకాళ్లు మిషనుకు తగిలాయి. ఉన్నిగుడ్డ వేళ్ల మధ్య పెట్టుకుని, రాగితీగను పట్టుకుని, చక్రం తిప్పాడు. రెండు చుట్లు తిరిగిందో లేదో పుటుక్కుమంది. "గట్టిగా పట్టుకోకు," అని పైకే అన్నాడు, అక్క గొంతుతో. రెండు కొసలూ వెతికి పట్టుకుని, పైపూత గీకి, మెలేసి, సోల్డరింగ్ మొన తాకించాడు. అది మాత్రం అతనికి బాగా వచ్చిన పని. ఆవగింజలో సగం ఉన్న వెండిచుక్క ఒకటి రాగి మీద మెరిసింది. దాని కిందంతా అక్క చుట్టిందే.

ఈసారి వేళ్లు వదులుచేసి, మెల్లగా, మళ్లీ చక్రం తిప్పాడు. ఉన్నిగుడ్డ మధ్యలో అక్క వేలు ఏళ్ల తరబడి అరగదీసిన సన్నని గాడి ఉంది. తీగ దానంతటదే వెళ్లి అందులో పడింది.